ఫిర్యాదుల పెట్టె తాళంచెవి

మా నాన్నగారికి సింగపూర్ అంటే ఇష్టం. నాకంటే ఎక్కువ ఇష్టం. నేను పదిహేడేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, ఆయన నాలుగుసార్లు వచ్చి వెళ్లారు. తేడా అక్కడే ఉందేమో.

ఈసారి ఏప్రిల్ ఆఖరి వారంలో వచ్చారు. అమ్మ పోయాక తెనాలి ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు, డెబ్బై మూడేళ్లు, పైగా ఎండలు ముదిరాయి. వచ్చిన మర్నాడు పొద్దున్నే నడకకు వెళ్లి వచ్చి, "ఇక్కడ ఎన్నికలని చెప్పనే లేదేమిటమ్మా" అన్నారు. దారి పొడుగునా దీపస్తంభాలకు కట్టిన అభ్యర్థుల బొమ్మలు చూశారట. అన్నీ వరసగా, శుభ్రంగా ఉన్నాయట. ఒక పార్టీ బొమ్మ మీద ఇంకో పార్టీ వాళ్లు అంటించలేదట. ఒక్క బొమ్మకూ ఎవరూ మీసాలు దిద్దలేదట. ఈ చివరి సంగతి ఆయనను బాగా కదిలించింది. కాఫీ తాగుతూ రెండుసార్లు చెప్పారు.

2025 మే 3న పోలింగు. నాకు ఓటు లేదు. శాశ్వత నివాసినే తప్ప పౌరురాలిని కాను. ఆ రాత్రి ఇద్దరం టీవీ ముందు కూర్చున్నాం. 97 స్థానాల్లో 87 పీపుల్స్ యాక్షన్ పార్టీకి వచ్చాయి, ఓట్లలో 65.57 శాతం. మిగతా పది వర్కర్స్ పార్టీకి. 1959 నుంచి ఈ దేశాన్ని పాలిస్తున్నది ఆ ఒక్క పార్టీయే. "అంటే నేను పలక పట్టుకుని బడికి వెళ్లిన రోజుల నుంచీ వీళ్లే" అని నాన్నగారు లెక్క వేసుకున్నారు. "మన దగ్గర అయిదేళ్లకే మొహం మొత్తుతుంది. వీళ్లు అరవై ఆరేళ్లు ఎలా నమ్మారమ్మా?"

అడగడమైతే అడిగారు గానీ, జవాబు ఆయన దగ్గరే ఉంది. లిఫ్టు ఎప్పుడూ ఆగదు. కొళాయి నీళ్లు కొళాయి దగ్గరే తాగవచ్చు. దేశంలో ప్రతి పది మందిలో ఇంచుమించు ఎనిమిది మంది ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో ఉంటారు, చాలామందికి అవి సొంతం, 99 ఏళ్ల లీజు మీద. మా ఫ్లాటూ అలాంటిదే, పన్నెండో అంతస్తు. మా ఎదురింటి వాళ్లు మలయ్‌లు, పక్కింటి వాళ్లు చైనీయులు. ఏ బ్లాకులో ఏ జాతివారు ఎంత శాతం దాటకూడదో కూడా ప్రభుత్వమే నిర్ణయించింది. నాన్నగారికి అదీ నచ్చింది. తాలూకా కచేరీలో ముప్ఫై అయిదేళ్లు గుమాస్తాగిరీ చేసిన మనిషికి రిజిస్టరులో గళ్లు గీసి నింపినట్టున్న దేశం నచ్చకుండా ఎలా ఉంటుంది?

అన్నిటికన్నా ఆయనకు నచ్చింది మంత్రి ఈశ్వరన్ కథ. రవాణా మంత్రిగా పనిచేసిన ఆయనకు 2024 అక్టోబరులో పన్నెండు నెలల జైలు శిక్ష పడింది. పదవిలో ఉండగా వ్యాపారుల నుంచి తీసుకున్న కానుకలు, అన్నీ కలిపి సుమారు 4 లక్షల సింగపూర్ డాలర్లవి. కారు పందేల టికెట్లు, విస్కీ సీసాలు, ఒక బ్రాంప్టన్ సైకిలు.

"సైకిలుకా? సైకిలుకు జైలా?"

"మడతపెట్టే సైకిలు నాన్నా, ఖరీదైనది."

"అయినా సైకిలే కదమ్మా" అని చాలాసేపు నవ్వారు. ఆ తరవాత రెండు రోజులు తెనాలి నుంచి ఎవరు ఫోను చేసినా ముందు సైకిలు సంగతే చెప్పారు.

నేను ఆయనతో వాదించలేదు. వాదించడానికి ఏముంది, అన్నీ నిజాలే. కానీ నా వృత్తి నన్ను ఊరుకోనివ్వదు.

నేను ఇంటర్నల్ ఆడిటర్ని. చాలా ఏళ్ల కిందట ఒక సంస్థ గోదాము తనిఖీకి వెళ్లాను. పేరు చెప్పను, ఈ దేశంలోది కూడా కాదు. మేనేజరు మంచి మనిషి. స్టాకు లెక్కపెడితే మేకుతో సహా సరిపోయింది. వోచర్లు తేదీల ప్రకారం కుట్టి ఉన్నాయి. రెండేళ్లలో పనివాళ్ల నుంచి ఒక్క ఫిర్యాదు కూడా లేదు. భోజనాల గది బయట గోడకు ఫిర్యాదుల పెట్టె ఉంది, దుమ్ము తుడిచి, తాళం వేసి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగాను. మేనేజరు తన సొరుగు తెరిచి చూపించాడు.

ఆ మనిషి దొంగ కాడు. అది మళ్లీ మళ్లీ చెప్పాలి. తాళంచెవి తన దగ్గర ఉండకూడదని ఆయనకు తోచనే లేదు, అంతే. ఫిర్యాదులు లేకపోవడం ఆయనకు గర్వకారణం. నాకు మాత్రం ఆ సున్నా పక్కన ఏం రాయాలో తెలియలేదు. పనివాళ్లు సంతోషంగా ఉన్నారని రాయలేను, లేరనీ రాయలేను. సున్నాకు వోచరు ఉండదు. చివరికి "నిర్ధారించలేము" అని రాశాను. మా పై అధికారి ఆ వాక్యం కొట్టేసి "అభ్యంతరాలు లేవు" అని పెట్టాడు. ఈ రెండూ ఒకటి కావని నేను అప్పుడు పోట్లాడాల్సింది. పోట్లాడలేదు.

సింగపూర్ తొలి ప్రధాని లీ క్వాన్ యూ 2015 మార్చి 23న, 91 ఏళ్ల వయసులో పోయారు. పార్లమెంటు భవనంలో పార్థివదేహాన్ని ఉంచితే 4.5 లక్షల మందికి పైగా వచ్చి చూశారు. నేనూ వెళ్లాను. రాత్రి పది గంటలకు పడాంగ్ మైదానం దగ్గర వరసలో నిలబడితే ఆయన ముందుకు చేరేసరికి తెల్లవారుజాము అయిదయింది. ఎవరూ తోసుకోలేదు. కుర్రాళ్లు నీళ్ల సీసాలు పంచారు. నా ముందున్న చైనీయురాలికి డెబ్బై ఏళ్లు పైనే ఉంటాయి. చిన్నప్పుడు రేకుల ఇంట్లో ఉండేవాళ్లమని, మరుగుదొడ్డి బకెట్టు మనుషులు మోసుకెళ్లేవారని, ఇప్పుడు తన ఇంట్లో రెండు స్నానాల గదులున్నాయని వేళ్లు చూపించి చెప్పింది. ఆమెను ఎవరూ లారీ ఎక్కించి తీసుకురాలేదు. బిర్యానీ పొట్లం ఇవ్వలేదు. ఆ కన్నీళ్లు సొంతవి.

ఆ వరసలోనే ఫోనులో మన వార్తలు చదువుకున్నాను. మార్చి 24న మన సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది. 2012లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబయి బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒక అమ్మాయిని, దాన్ని మెచ్చినందుకు ఇంకో అమ్మాయిని పాల్ఘర్‌లో అరెస్టు చేశారే, ఆ సెక్షన్. నా ఛాతీ పొంగింది. స్నేహితురాళ్లందరికీ ఆ వార్త పంపాను. పంపి, మళ్లీ రెండడుగులు ముందుకు జరిగాను. నేను ఎవరికి దండం పెట్టడానికి నిలబడ్డానో ఆ మనిషి 1971లో హెల్సింకీలో ప్రపంచ పత్రికా సంపాదకుల ముందుకు వెళ్లి, పత్రికా స్వేచ్ఛ దేశ సమగ్రత ముందు, ఎన్నికైన ప్రభుత్వ లక్ష్యం ముందు తలవంచాల్సిందేనని మొహమాటం లేకుండా చెప్పి వచ్చినవాడు. ఈ రెండు రకాల భక్తీ నా లోపల ఒకదాన్నొకటి ఒరుసుకోలేదు. పక్కపక్కనే హాయిగా ఉన్నాయి.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ వారంలోనే ఒక పదహారేళ్ల కుర్రాడు లీ గారిని ఎగతాళి చేస్తూ వీడియో పెట్టాడు. మార్చి 29న, అంత్యక్రియల రోజునే, పోలీసులు పట్టుకెళ్లారు. అది చదివి నేను అనుకున్న మాట, "తగిన శాస్తి." 66ఏ పోయిందని మురిసిపోయి వారం కూడా కాలేదు.

నేను ఈ దేశం వచ్చిన 2008లోనే జె.బి. జెయరత్నం చనిపోయారు. స్వాతంత్ర్యం తరవాత ఎన్నికల్లో గెలిచి పార్లమెంటుకు వెళ్లిన తొలి ప్రతిపక్ష సభ్యుడు ఆయన, 1981లో ఆన్సన్ ఉప ఎన్నికలో గెలిచారు. పరువు నష్టం దావాలలో ఓడి, నష్టపరిహారం కట్టలేక 2001లో దివాలా తీశారు, పార్లమెంటు స్థానం పోయింది. రైలు స్టేషన్ల బయట నిలబడి తాను రాసిన పుస్తకాలు తానే అమ్ముకునేవారని మా ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పాడు. "కొన్నారా?" అని అడిగాను. "చూశాను" అన్నాడు.

ఇప్పుడు దావాల కంటే మెత్తని చట్టం వచ్చింది. 2019 అక్టోబరు నుంచి అమలులో ఉంది, అందరూ పోఫ్మా అంటారు. ఆన్‌లైన్‌లో ఎవరైనా రాసినది అబద్ధమని, ప్రజాప్రయోజనానికి భంగమని ఒక మంత్రికి అనిపిస్తే, ఆ రాత మీదే దిద్దుబాటు ప్రకటన అతికించమని ఆదేశించవచ్చు. మనం రాసింది అలాగే ఉంటుంది, దాని నెత్తిన ప్రభుత్వం మాట ఉంటుంది. పాటించకపోతే వ్యక్తికి 20,000 డాలర్ల వరకు జరిమానా, పన్నెండు నెలల వరకు జైలు. ఒప్పుకోకపోతే ముందుగా ఆ మంత్రికే విన్నవించుకోవాలి, ఆయన కాదంటే కోర్టుకు వెళ్లాలి. నా వృత్తి భాషలో చెప్పాలంటే, శాఖ మీద ఆడిట్ అభ్యంతరం రాస్తే అది చెల్లుతుందో లేదో మొదట తేల్చేది ఆ శాఖాధిపతే. మహమ్మారి రోజుల్లో వాట్సాప్‌లో తిరిగిన చెత్త చూసినప్పుడు మాత్రం, ఇలాంటి చట్టం మనకూ ఉంటే బాగుండునని నేనే రెండు మూడుసార్లు అన్నాను. మా పిన్ని పంపిన వేపాకు వైద్యానికి పైన ఒక దిద్దుబాటు పెట్టించాలని ఎంత అనిపించిందో.

మా హైదరాబాదు స్నేహితురాలు ఒకతె నన్ను "బంగారు పంజరం చిలక" అని పిలిచేది. 2021లో ప్రపంచ పత్రికా స్వేచ్ఛ సూచీలో సింగపూర్ 160వ స్థానం, భారత్ 142. ఆ పట్టిక నాకు పంపి పైన చిలక బొమ్మ పెట్టింది. 2024 పట్టికలో సింగపూర్ 126, భారత్ 159. ఆ ఏడాది చిలక రాలేదు. నేనూ పంపలేదు, పరాయి ఇంటి గోడ కూలితే మన ఇంటి గోడ నిటారుగా ఉన్నట్టు కాదు కదా. పైగా ఏది పరాయి ఇల్లో నాకే తేలడం లేదు.

అసలు నన్ను కదిపింది టోకెన్ సంగతి. ఈ కథ బయట ఎక్కువమందికి తెలియదు కాబట్టి వివరంగా చెబుతాను.

2020 మార్చిలో కోవిడ్ కోసం ట్రేస్‌టుగెదర్ అనే యాప్ తెచ్చారు. తరవాత ఫోను వాడని వారికోసం, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ టోకెన్ పంచారు. మా పేట కమ్యూనిటీ క్లబ్‌లో నిలబడి నేనూ ఒకటి తెచ్చుకున్నాను, మెడలో వేసుకునే తాడుతో సహా. మన పక్కకు వచ్చిన ఇంకొకరి టోకెన్‌ను బ్లూటూత్‌తో గుర్తుపట్టి ఆ లెక్క 25 రోజులు దాచుకునేది. నేను ఎక్కడికి వెళ్లానో దానికి తెలిసేది కాదు. ఎవరి పక్కన కూర్చున్నానో తెలిసేది. ఆలోచిస్తే రెండోదే పెద్ద సంగతి.

కోవిడ్ సోకినవారి పక్కన ఎవరున్నారో కనుక్కోవడానికి తప్ప మరి దేనికీ వాడబోమని మంత్రి వివియన్ బాలకృష్ణన్ 2020 జూన్‌లో చెప్పారు. జనం నమ్మారు. నేనూ నమ్మాను. ఏడాది చివరికి నాలుగింట మూడొంతుల మందికి పైగా దాన్ని వాడుతున్నారు. 2021 జనవరి 4న పార్లమెంటులో ఒక సభ్యుడు, పాలక పార్టీ వారే, పోలీసులు ఈ సమాచారం తీసుకోవచ్చా అని అడిగారు. హోం శాఖ సహాయమంత్రి లేచి, తీసుకోవచ్చు, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఆ అధికారం ఇస్తోంది అన్నారు. అప్పటికే ఒక హత్య కేసులో తీసుకున్నారని తరవాత తెలిసింది. వెబ్‌సైటులో గోప్యత వాగ్దానం ఉన్న పేజీలో ఆ రోజే వాక్యాలు మారాయి.

ఈ ఊళ్లో జనం కోపగించుకోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. కేకలు లేవు, రాళ్లు లేవు. టోకెన్ ఇంట్లో వదిలేసి వచ్చామని ఆఫీసులో మెల్లగా చెప్పుకున్నారు. మా పక్కింటి పెద్దావిడ తన టోకెన్‌ను బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత బిగించింది, రేకు డబ్బాలోంచి బ్లూటూత్ వెళ్లదట. నెల తిరగకుండా, ఫిబ్రవరి 2న కొత్త చట్టం చేశారు. హత్య, ఉగ్రవాదం, అత్యాచారం, అపహరణ వంటి ఏడు రకాల తీవ్ర నేరాలకు తప్ప పోలీసులు దాన్ని ముట్టకూడదు. బాలకృష్ణన్ సభలో తప్పు తనదేనని ఒప్పుకున్నారు. ఈ చిక్కు గురించి 2020 అక్టోబరు చివర్లోనే ఒక పౌరుడి ప్రశ్న ద్వారా తనకు తెలిసిందని కూడా చెప్పారు. అంటే రెండు నెలలకు పైగా కొద్దిమందికి తెలిసి, అందరికీ తెలియకుండా ఉంది.

నాన్నగారికి ఈ కథ చెబితే, "చూశావా, తప్పు ఒప్పుకున్నారు, నెలలో దిద్దుకున్నారు. ఇంకేం కావాలి?" అన్నారు. అదీ నిజమే. మన దగ్గర మంత్రి "తప్పు నాదే" అనడం నేను ఎన్నిసార్లు విన్నాను? కానీ నాకు ఆ ఇద్దరే గుర్తుండిపోయారు: అక్టోబరులో అడిగిన ఆ పౌరుడు, జనవరిలో అడిగిన ఆ సభ్యుడు. వాళ్లు అడగకపోతే టోకెన్ నా మెడలోనే ఉండేది, నా నమ్మకం నాలోనే ఉండేది, రెండూ తప్పు లెక్క మీద.

నేను ఏం చేశానో కూడా రాయాలి. ఆ జనవరిలో దీని మీద తెలుగులో పొడుగాటి టపా రాశాను. తెలుగులో! ఇక్కడ దాన్ని చదివేవాళ్లు ఎంతమంది ఉంటారు? మా పిల్లలకు బడిలో రెండో భాషగా తమిళం దొరుకుతుంది, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ దొరుకుతాయి, తెలుగు దొరకదు. అంత భద్రమైన భాషలో రాసి, ఒకసారి చదువుకుని, చిత్తుప్రతుల్లో పెట్టేశాను. మార్చిలో నా రీ-ఎంట్రీ పర్మిట్ పునరుద్ధరణ ఉంది, దేశం బయటికి వెళ్లినా శాశ్వత నివాసం పోకుండా తిరిగి రానిచ్చే అనుమతి. అది అయిదేళ్లకోసారి వస్తుంది. దానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు, వద్దనలేదు, కనీసం ఎవరికీ నా పేరు తెలియదు. పర్మిట్ ఎలాగూ వచ్చేదే. ఆ టపా ఇప్పటికీ అక్కడే ఉంది.

పోలింగు అయిన తరవాతి వారం నాన్నగారిని హాంగ్ లిమ్ పార్కుకు తీసుకెళ్లాను. ఆయన అడగలేదు, నాకే చూపించాలనిపించింది. క్లార్క్ కీ స్టేషనులో దిగితే నాలుగడుగులు. పచ్చిక మైదానం, చెట్లు, బెంచీలు, పక్కనే పోలీసు ఔట్‌పోస్టు. 2000 సెప్టెంబరు 1న దీన్ని వక్తల మూలగా ప్రకటించారు, ప్రత్యేక అనుమతి లేకుండా పౌరులు బహిరంగంగా మాట్లాడగల చోటు దేశం మొత్తంలో ఇదొక్కటే. 2009లో కెమెరాలు పెట్టారు.

"ఎవరైనా మాట్లాడవచ్చా?"

"పౌరులు మాట్లాడవచ్చు. ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. మతం, జాతి జోలికి పోకూడదు. నాలాంటివాళ్లు వినవచ్చు. మీరు విజిటర్ కాబట్టి సభ జరుగుతుంటే ఇక్కడ నిలబడకూడదు."

"ఇప్పుడు సభ లేదుగా."

"లేదు, కూర్చోండి."

"తెలుగులో మాట్లాడవచ్చా?"

నాలుగు అధికార భాషల్లో గానీ, వాటికి సంబంధించిన మాండలికాల్లో గానీ మాట్లాడాలని నియమం. ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళం. తెలుగు తమిళానికి మాండలికమని దరఖాస్తు పెట్టుకుంటే ఒప్పుకుంటారేమో అన్నాను. నాన్నగారు నావైపు చూసిన చూపు తెనాలి వారికే అర్థమవుతుంది.

కాసేపాగి, "ఇక్కడ ఎప్పుడూ ఎమర్జెన్సీ పెట్టలేదా?" అన్నారు. విచారణ లేకుండా నిర్బంధించే చట్టం ఎప్పుడూ ఉందని చెప్పాను. చియా థై పో గురించి చెప్పాను. పార్లమెంటు సభ్యుడుగా చేసిన మనిషి, 1966లో పట్టుకెళ్లారు. నేరారోపణ లేదు, విచారణ లేదు, 23 ఏళ్లు లోపల ఉంచారు. 1989లో బయటికి తెచ్చి సెంటోసా దీవిలో ఒక కాపలాగదిలో పెట్టారు. చివరి ఆంక్షలు తీసేసేసరికి 1998. నాన్నగారు మొదటిసారి వచ్చినప్పుడు మేం సెంటోసాలోనే చేపల అక్వేరియం ముందు ఫొటోలు దిగాం.

"ఇరవై మూడేళ్లా" అన్నారు. చేతికర్రను రెండు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని దాని మీద గడ్డం ఆనించారు. "మాస్టారు పంతొమ్మిది నెలలే."

ఏ మాస్టారో నాకు తెలియదు. నాకు నలభై నాలుగేళ్లు, ఈ మాస్టారి పేరు మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

ఎమర్జెన్సీ గురించి మాత్రం చాలాసార్లు విన్నాను, అదంతా ఒకటే కథ. పదిన్నర కొట్టేసరికి కచేరీలో అందరూ సీట్లలో ఉండేవారు. ఇరవై సూత్రాల కార్యక్రమం కింద ఇళ్ల స్థలాల పట్టాలు వందలకొద్దీ నాన్నగారు స్వయంగా రాశారు. వేలిముద్ర వేసి పట్టా కళ్లకద్దుకున్న మనుషులను ఆయన చూశారు. అందుకే 1977 మార్చిలో, తన మొదటి లోక్‌సభ ఓటు, ఇందిరాగాంధీకే వేశారు. ఆయన ఒక్కరే కాదు. ఉత్తరప్రదేశ్‌లో 85కు 85, బిహార్‌లో 54కు 54 కాంగ్రెస్ ఓడిపోతే, ఆంధ్రప్రదేశ్‌లో 42కు 41 గెలిచింది. జనతా పార్టీకి దక్కింది నంద్యాల ఒక్కటే, అక్కడ నీలం సంజీవరెడ్డి. లక్ష మందికి పైగా జైళ్లలో పెట్టిన, పత్రికల మీద సెన్సారు పెట్టిన ప్రభుత్వానికి మనవాళ్లు 41 సీట్లు ఇచ్చారు. మోసపోయి ఇచ్చారని నేను అనను. పట్టాలు నిజమైనవే. ఉత్తరాదిలో జరిగిన బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల తీవ్రత మన వైపు లేదు. 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైల్లో నక్సలైటు ఉద్యమంలోని రైతులు భూమయ్య, కిష్టగౌడ్‌లను ఉరితీశారని నేను కాలేజీలో చదివి అడిగితే, "అది అటు తెలంగాణ వైపు సంగతి" అన్నారు నాన్నగారు అప్పట్లో.

ఇప్పుడు బెంచీ మీద చెప్పింది వేరే కథ. మాస్టారు తెనాలికి నాలుగు మైళ్ల దూరంలో ఒక ఊళ్లో లెక్కలు చెప్పేవారు. నాన్నగారికి పుస్తకాలు ఎరువిచ్చింది ఆయనే, ఉద్యోగానికి దరఖాస్తు నింపిపెట్టింది ఆయనే. కరపత్రాలు దొరికాయని 1975 ఆగస్టులో, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద పట్టుకెళ్లి రాజమండ్రి జైల్లో పెట్టారు. నాన్నగారు రోజూ సైకిలు మీద వాళ్ల ఇంటి ముందు నుంచే కచేరీకి వెళ్లేవారు. ఆ మర్నాటి నుంచి కాలవగట్టు మీదుగా వెళ్లడం మొదలుపెట్టారు. రెండు మైళ్లు ఎక్కువ.

"ఎవరైనా వద్దన్నారా?"

"ఎవరంటారు? తహసీల్దారుకు నేను ఏ దారిన వస్తున్నానో ఏం తెలుసు?"

మాస్టారి భార్య ఒకసారి ఏదో ధ్రువపత్రం కోసం కచేరీకి వచ్చిందట. నాన్నగారి బల్ల దగ్గరకే వచ్చింది, ఎరిగున్న మనిషి కదా అని. ఆయన రిజిస్టరులోంచి తల ఎత్తకుండా, ఆ బల్ల దగ్గరకు వెళ్లండి అని చెయ్యి చూపించారు. ఆ బల్ల గుమాస్తా ఆ రోజు సెలవు. సంగతి నాన్నగారికి తెలుసు.

"ఆ రోజు నేను రాస్తున్నది పట్టాల రిజిస్టరేనమ్మా" అన్నారు. "ఆవిడ వెళ్లిపోయేదాకా ఒకే పేరు మూడుసార్లు రాశాను. తరవాత గీకేసి దిద్దాను." అక్కడి నుంచి ఆయన గొంతు పెరిగింది. మాస్టారు తిరిగొచ్చాక బజారులో ఎదురుపడి "ఏమోయ్, బాగున్నావా" అన్నారట, అంతే, ఒక్క మాట కూడా అనలేదట, అనుంటే బాగుండేదట. ఇందిరమ్మకు ఓటు వేసి వస్తూ కూడా ఆ కాలవగట్టు మీదుగానే వచ్చారట. చేతికర్ర నేలకేసి కొడుతూ చెబుతున్నారు.

"నాన్నా, కొంచెం మెల్లగా" అన్నాను.

ఆయన ఆగి చుట్టూ చూశారు. పచ్చిక మీద గోరింకలు. దూరంగా ఆరెంజి చొక్కా వేసుకున్న పనివాడు రాలిన ఆకులు ఊడుస్తున్నాడు.

"తెలుగులోనే కదమ్మా మాట్లాడుతున్నాను" అన్నారు.

నేను ఏం చెప్పను? సీసా మూత తీసి నీళ్లు ఇచ్చాను. ఇంతలో చీపురు చప్పుడు ఆగింది. ఆ అబ్బాయి మా వైపు వచ్చి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, "తెలుగువాళ్లా అండీ?" అన్నాడు. శ్రీకాకుళం అట, పలాస దగ్గర. మూడేళ్లయిందట వచ్చి. నాకు ముందు కలిగిన ఆలోచన, ఎంతవరకు విన్నాడు అని. నాన్నగారికి మాత్రం మొహం వెలిగిపోయింది. ఊరు, వానలు, జీడితోటలు, జీతం, ఇంట్లో ఎవరెవరు, అన్నీ అడిగారు. అతను కాసేపు చెప్పి, కొంచెం మొహమాటపడుతూ, "ఎవరో మాస్టారు అంటున్నారు, ఎవరండీ?" అన్నాడు.

కెమెరా స్తంభం మా బెంచీకి ఎంత దూరంలో ఉందో నేను చూశాను. చూడకుండా ఉండలేకపోయాను.

నాన్నగారు కర్ర ఊతంగా లేచి నిలబడి, ఆ అబ్బాయికి మాస్టారి పేరు చెప్పారు. ఇంటిపేరుతో సహా, బళ్లో హాజరు పిలిచినట్టు.